గుడ్డ కింద గీత

మేడమెట్లు ఎక్కుతూ పళ్ళ డాక్టరు మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, పనిముట్ల సంచి మోసుకుంటూ వస్తున్న మిస్త్రీకి చిరిగిన గుడ్డ కథ మొదటినుంచీ చెప్పాడు. మూడోసారికి మిస్త్రీకి కథ కంఠతా వచ్చేసింది. మేడ మీద పెద్దగది, గదిలో పూల్ టేబుల్, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ నడిమధ్యన జానెడు చిరుగు. చింపింది పదేళ్ళ కూతురు. కథ ఇంతే. డాక్టరు చెప్పే తీరు చూస్తే మాత్రం మత్తుమందు ఇవ్వకుండా ఎవరో ఆయన పన్నే పీకేశారేమో అనిపిస్తుంది.

మిస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మిస్త్రీ కాదు. ఇలాంటి బల్లలకి గుడ్డ మార్చడం, కాళ్ళు సరిచేసి మట్టం కుదర్చడం ఆయన పని. ఆ ఊళ్ళో ఈ పని తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. రెండో మనిషి ఆయన కూతురు. వ్యాను నడిపేదీ, గుడ్డ కత్తిరించేదీ, తండ్రి నోరు తెరిస్తే చాలు అడ్డం పడేదీ ఆ అమ్మాయే. ఇప్పుడు కూడా కొత్త గుడ్డ చుట్ట భుజాన వేసుకుని, ఈ మెట్ల మీదే సాయంత్రమైపోయేట్టుందని వెనకనుంచి గొణుగుతోంది.

గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. పదహారేళ్ళు నిండనివాళ్ళు లోపలికి రాకూడదని డాక్టరు స్వహస్తాలతో రాసింది. మందుల చీటీ మీద ఆయన రాత మందుల షాపువాడికి కూడా అర్థం కాదట గాని, ఇది మాత్రం గుండ్రటి అక్షరాలతో, కింద రెండు గీతలతో ఉంది. ఆ కాగితం పక్కనే, కాలివేళ్ళు గడపకి ఆనించి, వెంట్రుకవాసి కూడా దాటకుండా ఇద్దరు పిల్లలు నిలబడ్డారు. అమ్మాయిని ఇంట్లో లాయరు అంటారు. ఉప్పు తక్కువైందన్నా, వాన వస్తుందన్నా కాదని వాదించగలదు కాబట్టి. తమ్ముడికి ఏడేళ్ళు. వాడు గుండుగాడు. ఎప్పుడో ఒకసారి గుండు చేయించారు. జుట్టు తిరిగొచ్చింది గాని పేరు పోలేదు.

డాక్టరు లోపల అన్నీ చూపించాడు. గోడకి ఆనించి బంతులు కొట్టే నాలుగు మామూలు క్యూ కర్రలు, వాటి కొసకి రాసే నీలం సుద్దముక్కలు. పైన తాళం వేసిన పెట్టెలో ఆయన సొంత కర్ర, దానికోసం ప్రత్యేకంగా తెప్పించుకున్న వంకాయరంగు సుద్ద. ఆ పెట్టె తీసి చూపించి, మళ్ళీ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని జేబు తడుముకున్నాడు. అది భార్యకి కూడా ఇవ్వడట. చివరికి చిరుగు దగ్గరికి తీసుకెళ్ళి, "మీరే చెప్పండి మిస్త్రీగారూ, పిల్లలు ఆడే వస్తువేనా ఇది?" అన్నాడు.

మిస్త్రీకి ఈ ప్రశ్న కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా, పని ముగించిన ప్రతి ఇంట్లోనూ ఆయన ఒకటే ఉపన్యాసం ఇస్తున్నాడు. బల్లకి మూడింటిని దూరంగా ఉంచాలి: తడి గ్లాసులు, పిల్లులు, పిల్లలు. పని నేర్పిన గురువు చెప్పిన ముక్క అది. వరసగా అంటుంటే మంచి ఊపుగా ఉండటంతో ఎందుకని ఎవరూ అడగలేదు, ఈయనా ఆలోచించలేదు. కూతురు దానికి నాన్న దండకం అని పేరు పెట్టింది. డాక్టరు అంత గౌరవంగా అడిగాడు కదా అని, మిస్త్రీ పని మొదలుపెట్టకుండానే దండకంలో ఆఖరి ముక్క అందుకున్నాడు.

"చిన్న చేతులకి కుదిరే పని కాదమ్మా ఇది," అన్నాడు గడప దగ్గరున్న అమ్మాయితో. "కర్ర బరువు ఆగదు. కొస కిందికి దిగుతుంది, గుడ్డ పోతుంది."

అమ్మాయి తన చేతులకేసి ఒకసారి చూసుకుని "సరే" అంది. లాయరు నోట ఆ మాట విని తమ్ముడు అక్క మొహంలోకి తొంగి చూశాడు. మరి నా చేతుల సంగతేమిటని వాడడిగితే, నీవి ఇంకా చిన్నవన్నాడు మిస్త్రీ. పెరుగుతున్నాయన్నాడు వాడు.

టీ తెచ్చిన డాక్టరు భార్య బళ్ళో లెక్కల టీచరు. భర్త కిందికి దిగేదాకా ఆగి, ఆయన చెప్పని సగం ఆమె చెప్పింది. రెండు వారాల కిందట ఒక శనివారం ఆయనతో చదువుకున్న స్నేహితులు వచ్చి రాత్రి భోజనాలదాకా ఇక్కడే ఆడారట. సోమవారం బడినుంచి రాగానే పిల్ల పైకెళ్ళింది. పావుగంటలో కిందికొచ్చి, నేను ఆడుతుంటే గుడ్డ చిరిగింది అని తనే తండ్రికి చెప్పింది. మరొకరైతే దుప్పటి కప్పేసి ఊరుకునేవాళ్ళు. నిజం చెప్పినదానికి శిక్షేమిటని ఈమె అడిగితే, నిజం నిజమే, గుడ్డ గుడ్డే అన్నాడట డాక్టరు.

"ఆదివారం పొద్దున తండ్రీ కూతురూ కలిసి ఆడుకునేవాళ్ళండీ," అంది ఆమె ఖాళీ కప్పులు తీసుకుంటూ. "ఆయనే నేర్పాడు. ఇప్పుడు ఆయన ఒక్కడే పేపరు పట్టుకుని కూర్చుంటాడు, అది మెట్ల మీద కూర్చుంటుంది. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురుచుక్క ఉండదు. ఒక్కరూ దిగిరారు."

ఆ సాయంత్రం అంచుచెక్కలు విప్పడంతోనే సరిపోయింది. ఒక్కో చెక్కకి మూడేసి బోల్టులు. మిస్త్రీ బల్ల కింద వెల్లకిలా పడుకుని విప్పుతుంటే కూతురు పైన చెక్కని ఒడిసిపట్టుకుంది. విప్పిన బోల్టుల్ని ఏ చెక్కవి ఆ చెక్కకే విడివిడిగా గుడ్డ సంచుల్లో కట్టి, సంచుల మీద సుద్దతో అంకెలు వేసింది. బోల్టులన్నీ ఒకలాగే ఉంటాయి కదా అంటారు తెలియనివాళ్ళు. ఒకలాగే ఉంటాయి గాని, ఏళ్ళ తరబడి ఒకే కన్నంలో ఉన్న బోల్టు ఇంకో కన్నంలో కుదురుగా కూర్చోదు.

మర్నాడు శనివారం. డాక్టరు ఆస్పత్రికి, పిల్లలూ టీచరమ్మా బడికి వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తండ్రీ కూతురూ బల్లకి చెరోవైపు మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ అంచుకి కొట్టిన పిన్నులు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేశారు. తర్వాత చెరో రెండు కొసలూ పట్టుకుని గుడ్డని దుప్పటిలా పైకెత్తారు. కింద రాతిపలక బూడిదరంగులో నున్నగా బయటపడింది. మిస్త్రీకి ఈ క్షణమంటే ఎప్పుడూ ఇష్టమే. బల్ల మీద ఎన్ని హంగులున్నా అసలు సంగతి ఆ రాయే.

పలక తుడుస్తున్న కూతురు చేయి నడిమధ్యన ఆగింది. రమ్మని తండ్రికి సైగ చేసింది.

చిరుగు ఉన్న చోట సరిగ్గా దాని కింద, రాతి మీద గోరంత గీత ఉంది. పొడిగుడ్డతో తుడిచినా గీతలో రంగు పోలేదు. మిస్త్రీ కళ్ళజోడు నుదుటిమీంచి కిందికి దించుకుని, పిన్నీసు కొసతో గీతలోంచి కాస్త పొడి లేపి తెల్లకాగితం మీద దులిపాడు. వంకాయరంగు. పక్కనున్న నీలం సుద్దని కూడా కాగితం మీద రాసి చూశాడు గాని, చూడక్కర్లేకుండానే తేడా తెలుస్తోంది.

జరిగిందేమిటో తండ్రీ కూతుళ్ళిద్దరికీ ఒకేసారి అర్థమైంది. అడ్డంగా ఉన్న బంతుల మీంచి తన బంతిని దూకించాలని ఎవరో కర్ర కొసని దాని కిందికి బలంగా తోశారు. కొస గుడ్డలోంచి దిగి రాయిని గీరింది. అలా పడిన చీలిక అప్పటికప్పుడు కనపడదు. గోరంత ఉంటుంది, పైన నూగు దాన్ని కప్పేస్తుంది. ఆ తర్వాత దాని పక్కన ఎవరు చేయి ఆనించినా, ఎంత మెత్తగా ఆనించినా, గుడ్డ బిగుతుకి సర్రున జానెడు విచ్చుకుంటుంది. తాళం వేసిన పెట్టెలో కర్రతో పదేళ్ళ పిల్ల ఆడలేదు. ఆడింది పిల్ల తండ్రి. పాపం, ఆ సంగతి ఆయనకీ తెలియదు.

"చూడకుండానే తీర్పు చెప్పేశావు నిన్న," అంది కూతురు.

మిస్త్రీ కాగితాన్ని మడిచాడు. ఆయన పనిలో ఒక ఆనవాయితీ ఉంది. గుడ్డ కింద చూసింది గుడ్డ కిందే ఉండాలి. ఇన్నేళ్ళలో అంచుచెక్కల సందుల్లో ఆయనకి తలపిన్నులు దొరికాయి, మడతపెట్టిన ఉత్తరాలు దొరికాయి, ఒకసారి పేరు చెక్కిన ఉంగరం దొరికింది. ఎవరివి అని అడగకుండా, ఎలా వచ్చాయి అని ఆలోచించకుండా ఇంటివాళ్ళ చేతిలో పెట్టి వచ్చేవాడు. ఇళ్ళల్లోకి రానిచ్చేది అందుకే అని గురువు చెప్పేవాడు. అదే కూతురికి గుర్తుచేశాడు.

"ఉంగరం ఎవరిదో వాళ్ళకి ఇచ్చేశావు కదా. ఇదీ ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్," అంది ఆమె. కాసేపు పలక తుడిచి, మళ్ళీ తనే అంది, "నన్నూ ఇలాగే చేశావు నాన్నా. మన షెడ్డులో బల్ల ఉన్నా నేను బల్ల కింద పెరిగాను గాని బల్ల మీద కాదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మిస్త్రీ ఏదో ఒకటి బదులు చెప్పేవాడే. పలకల అతుకుల్లో పాత మైనం గీకి, కొత్త మైనం కరిగించి పోసి, చల్లారాక బ్లేడుతో చదును చేస్తూ ఉన్నంతసేపూ ఆ మాట ఆయన్ని తొలుస్తూనే ఉంది. వ్యవహారం మింగలేక కక్కలేక అన్నట్టు తయారైంది. ఇంటాయనతో నీదే తప్పు అని చెప్పడం తన పని కాదు. తను అన్న మాట అలాగే వదిలేసి పోవడం మనిషి పని కాదు.

మధ్యాహ్నం మూడింటికి పిల్ల బడినుంచి వచ్చి, భుజాన సంచి ఉండగానే గడప దగ్గర నిలబడింది. అప్పటికి కొత్త గుడ్డ పలక మీద పరిచారు. కూతురు ఒక కొస లాగిపట్టుకుంటే మిస్త్రీ అరచేత్తో మధ్యనుంచి అంచుకి తోస్తూ, బిగుతు చూసుకుని పిన్ను కొడుతున్నాడు. లోపలికి రమ్మంటే పిల్ల వేలితో కాగితం చూపించింది. మిస్త్రీయే లేచి వెళ్ళి, మోకాళ్ళు పటపటమంటుండగా గడప ఇవతల నేల మీద కూర్చున్నాడు.

"నిన్న నేనన్న మాట తప్పమ్మా," అన్నాడు. "గుడ్డ తీసి చూశాక తెలిసింది. చింపింది నీ చేయి కాదు."

పిల్ల వెనక్కి తిరిగి మెట్లకేసి చూసింది. ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నాకు తెలుసు తాతగారూ. ఆదివారం పొద్దున్నే చూశాను, చిన్నగా చీలి ఉంది. ఆ రోజు నాన్నతో ఆడుతున్నప్పుడు అటువైపు బంతి వెళ్తే కావాలనే తప్పు కొట్టాను. సోమవారం మర్చిపోయి అక్కడ చెయ్యి పెట్టేశాను."

మిస్త్రీ తెల్లబోయి చూశాడు. నాలుగు రకాలుగా చెప్పి ఓదార్చాలనుకుని వచ్చిన మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాన్నకి చెప్పకండి," అంది పిల్ల.

"భయమా తల్లీ?"

కిందనుంచి అమ్మ పిలిచింది. పిల్ల కదల్లేదు, చెప్పనని చెప్పండి అంటూ అక్కడే నిలబడింది. చెప్పను అన్నాడు మిస్త్రీ. అప్పుడు గాని మెట్లు దిగలేదు.

బల్ల దగ్గరనుంచి ఇదంతా విన్న కూతురు సుత్తి నేలకేసి కొట్టినంత పని చేసింది. పళ్ళ డాక్టరంటే ఊళ్ళో పిల్లలకి భయం ఉండటం సహజం, సొంత పిల్లకి కూడానా అని మండిపడింది. మిస్త్రీకీ అలాగే అనిపించింది. ఎంత భయపెట్టి ఉంటే పసిపిల్ల చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటుంది? ఆ సాయంత్రం డాక్టరు వచ్చి, పని భేషుగ్గా ఉందని మెచ్చుకుని, స్వయంగా టీ పోసి ఇస్తే మిస్త్రీ సగం కప్పు అలాగే వదిలేశాడు. మనిషి చూడబోతే మెత్తనివాడే. మెత్తనివాళ్ళే ఇళ్ళల్లో పులులై ఉంటారని సర్దిచెప్పుకున్నాడు. అనుభవం ఎక్కువైనవాళ్ళకి ఇదొక జబ్బు, సగం చూస్తే చాలు మిగతా సగం తామే కుట్టేసుకుంటారు.

ఆదివారం పొద్దున అంచుచెక్కలకి కొత్త గుడ్డ తొడిగి, అంకెల ప్రకారం సంచులు విప్పి బోల్టులు బిగించారు. మిస్త్రీ రసమట్టం పెట్టి నాలుగు మూలలా చూశాడు. తర్వాత దాన్నీ నమ్మకుండా, ఒక బంతిని వేలితో మెల్లగా తోసి, అది అవతలి అంచుదాకా వంపు తిరగకుండా వెళ్ళి ఆగేదాకా పక్కనే నడిచాడు. ఒక మూల వెంట్రుకంత వాలు కనపడితే కాలి కింద రేకుముక్క పెట్టాడు. మళ్ళీ తోశాడు. ఈసారి బంతి తిన్నగా వెళ్ళింది.

డాక్టరు ఇంటిల్లిపాదినీ పైకి పిలిచాడు. పిల్లలు వాళ్ళ స్థానంలో, గడప అవతల నిలబడ్డారు. ఆయన చేతిలో కొత్త అట్టముక్క ఒకటి, లావుపాటి పెన్ను ఒకటి ఉన్నాయి. మిస్త్రీగారు ఏం చెబితే అదే ఈ గదికి చట్టమనీ, రాసి గోడకి తగిలిస్తాననీ, ఇక ఎవరూ వాదించడానికి వీల్లేదనీ ప్రకటించాడు. వీల్లేదన్నప్పుడు కూతురివైపు చూడాలని చూశాడు గాని చూడలేకపోయాడు.

"ఒకటి, తడి గ్లాసులు తేకూడదు," అన్నాడు మిస్త్రీ.

డాక్టరు రాసుకున్నాడు.

"రెండు, పిల్లుల్ని రానివ్వకూడదు."

మాకు పిల్లి లేదండీ అన్నాడు డాక్టరు. రాసి ఉంచుకోండి, రావచ్చు అన్నాడు మిస్త్రీ. గుండుగాడు ఆశగా అమ్మకేసి చూశాడు.

మూడోదానికి మిస్త్రీ నోరు ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున తెరుచుకుంది. మూసుకున్నాడు. కూతురు చేతిలో పని ఆపి ఆయన్నే చూస్తోంది. చెప్పనని పిల్లకి మాటిచ్చాడు, మాట తప్పడు. కానీ గుడ్డ సంగతులు చెప్పడం ఆయన వృత్తి. దానికి ఎవరికీ మాటివ్వలేదు.

"మూడు, పెద్దవాళ్ళు బంతిని గాల్లోకి లేపకూడదు."

పెన్ను ఆగింది. "మూడోది పిల్లలు కదండీ? మొన్న మీరే అన్నారు."

"నిన్నటిదాకా అదేనండి. తప్పని తెలిసి మార్చాను. పిల్లలు ఆడితే గుడ్డ అరుగుతుంది, అది గుడ్డకి మంచిదే. ఆడకుండా కప్పిపెడితే పురుగు తింటుంది. చిరిగేది మాత్రం బంతిని దూకించాలని కర్ర కొసని దాని కిందికి తోసినప్పుడు. చీలిక ఆ రోజు కనపడదు, గోరంతే ఉంటుంది. తర్వాత ఎవరు చేయి పెడితే వాళ్ళ కింద విచ్చుకుంటుంది. పేరు వాళ్ళకొస్తుంది."

"తర్వాత అంటే?" అన్నాడు డాక్టరు.

"ఒక రోజు కావచ్చు, రెండు రోజులు కావచ్చు."

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. తాళం వేసి ఉన్న పెట్టెకేసి చూశాడు. శనివారం, ఆదివారం, సోమవారం అని ఆయన పెదాలు లెక్కపెట్టడం మిస్త్రీ గమనించాడు. లెక్కల టీచరుకి జవాబు అప్పటికే వచ్చేసినట్టుంది. ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగింది.

డాక్టరు గడప దగ్గరికి వెళ్ళి, కూతురి ఎత్తుకి వంగాడు. రోజంతా ఇతరుల నోళ్ళలోకి వంగే మనిషి, ఇంత కష్టంగా ఎప్పుడూ వంగి ఉండడు.

"నువ్వు చూశావా?"

పిల్ల ముందు మిస్త్రీకేసి చూసింది. ఆయన తను చెప్పలేదన్నట్టు అడ్డంగా తల ఊపి, పైకప్పు ఎలా ఉందో పరీక్షించసాగాడు. అప్పుడు తండ్రికి అవునని తల ఊపింది.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

మిస్త్రీ చూపు పైకప్పునుంచి కిందికి దిగింది. భయమేసింది నాన్నా అంటుంది, ఆ మాట తండ్రి వినాల్సిందే, వినకపోతే న్యాయం కాదు అనుకున్నాడు. అయినా ఆ మనిషి మొహం చూస్తే జాలేసింది.

"చాలా పైకి ఎగిరింది నాన్నా," అంది పిల్ల. "రెండు బంతుల మీంచి దూకి వెళ్ళి అవతల బంతిని బల్ల మూల సంచిలో పడేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు నోరంతా తెరిచి నవ్వావు. నువ్వలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు. చిరిగిందని తెలిస్తే మళ్ళీ ఎప్పుడూ అలా కొట్టవు కదా."

 డాక్టరు కూతురి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వాటిని ఇంతకుముందు చూడనట్టే చూస్తూ ఉండిపోయాడు. మిస్త్రీకి సిగ్గేసింది. చింపినవాడి పేరు గుడ్డ కింద గీతలో చదవగలిగినవాడు, పిల్ల మనసులో ఉన్నది ఎదురుగా కూర్చుని కూడా చదవలేకపోయాడు. తను ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ గుట్టు కాపాడుతున్నది తన పని పోకుండా. ఈ పిల్ల కాపాడింది నాన్న నవ్వు పోకుండా. అందుకు తన ఆదివారాలు వదులుకుంది.

డాక్టరు లేచి నిలబడి, "మొదటి ఆట నువ్వే మొదలుపెట్టు," అన్నాడు. కూతురు ఆయన మొహంలోకి చూసి, పెట్టెలో ఉన్న నీ కర్రతో నువ్వే మొదలుపెట్టమంది. నువ్వంటే నువ్వని ఇద్దరూ వాదనలో పడ్డారు. ఈ సందట్లో గుండుగాడు ఎవరూ పిలవకుండానే బల్ల దగ్గరికి చేరి, తనకంటే పొడుగున్న కర్రని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడ్డాడు.

పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళబోతున్న మిస్త్రీ ఆగి, సంచి కింద పెట్టాడు. తన కూతుర్ని ఇటు రమ్మని పిలిచి, వాడి కాళ్ళ కిందికి ఒక పీట జరపమన్నాడు. తర్వాత వాడి వెనక వంగి, ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, కర్రని ఎక్కడ పట్టుకోవాలో చూపించసాగాడు.